అందరి ముందు అన్న మాట

నవంబరు 4, సోమవారం

రాజీ బేరం పొద్దుటి నుంచీ నడిచింది. మధ్యవర్తి వాంకూవర్ నుంచి తెర మీద మాట్లాడింది. కంపెనీవాళ్లు ఒక గదిలో, మేము ఇంకో గదిలో. గదులంటే నిజం గదులు కావు, తెర మీది గడులు. ఆవిడ అటూ ఇటూ తిరిగి తిరిగి చివరికి మా గడిలోకి వచ్చి, సంతోషం దాచుకోలేక దాచుకుంటూ చెప్పింది. క్లారిస్‌ని చేపల ఫ్యాక్టరీలో మళ్లీ పనిలోకి తీసుకుంటారు. పంతొమ్మిదేళ్ల సీనియారిటీ అలాగే ఉంటుంది. పోయిన జీతం ఇస్తారు.

నేను బల్ల కింద క్లారిస్ మోకాలు తట్టాను. ఆమె లాయర్ని నేనే అయినా ఇంత వస్తుందని అనుకోలేదు.

"దానికి బదులు?" అంది క్లారిస్.

మామూలు షరతులే అంది మధ్యవర్తి. కంపెనీ తప్పు ఒప్పుకున్నట్టు కాదు. ఏం కుదిరిందో ఎవరితోనూ అనకూడదు.

"ఎవరితోనూ అంటే మా మావయ్యతో కూడానా?"

"భర్తతో చెప్పుకోవచ్చు."

"ఆయన పోయి ఆరేళ్లయింది. శ్మశానానికెళ్లి చెప్పిరానా?"

మధ్యవర్తికి నవ్వాలో వద్దో తెలియలేదు. క్లారిస్ మాత్రం నవ్వలేదు.

"చూడమ్మా. కర్ట్ నన్ను ఎక్కడ తిట్టాడు? ఫ్యాక్టరీ భోజనాల గదిలో. ఎవరి ముందు? నా బల్లవాళ్లందరి ముందు. ఆ మాట తప్పని వాళ్ల ముందే అనాలి. జీతం సంగతి తర్వాత. చీకట్లో కడిగితే మరక పోయిందో లేదో ఎవరికి తెలుస్తుంది?"

గడువు శుక్రవారం దాకా ఇచ్చారు. శుక్రవారంలోగా ఒప్పించాలి.

నవంబరు 5

సందేహం వచ్చినప్పుడల్లా కేసును చట్టం తెలియని మనిషికి చెప్పినట్టు రాసుకోవడం నాకు అలవాటు. రాస్తున్నాను.

పోయిన ఏడాది మార్చిలో హ్యూబర్ట్ అనే ముసలాయన పోయాడు. తల్లి గద్ద వంశం కాబట్టి ఆయనా గద్ద. తండ్రి తోడేలు వంశం. ఈ తీరపు ఆదివాసుల్లో చావు పనులు పోయినవాళ్ల సొంత వంశం ముట్టుకోదు, అది కూర్చుని ఏడుస్తుంది. శవం దగ్గర కాపలా, గొయ్యి, పెట్టె మొయ్యడం, వంట, అన్నీ తండ్రి వంశం మీద పడతాయి. క్లారిస్ తోడేలు. కబురు వచ్చింది. సెలవడిగి, పడవెక్కి ఊరికి వెళ్లింది. మూడు రాత్రులు శవం పక్కన కూర్చుంది, పగలు వంట చేసింది. పూడ్చిన సాయంత్రం గద్దలు విందు పెట్టి, పనిచేసిన ప్రతి తోడేలునూ పేరు పెట్టి పిలిచి, ఏ పనికో చెప్పి, అందరూ చూస్తుండగా దుప్పట్లు చేతికిచ్చారు. అందరూ చూడటమే అక్కడ రసీదు. ఎవరో వీడియో తీసి పెట్టారు. అందులో క్లారిస్ దుప్పట్ల బుట్ట పట్టుకుని, ఎవరో వేసిన జోకుకి నోరంతా తెరిచి నవ్వుతోంది.

ఆ వీడియో ఫ్యాక్టరీ మేనేజరు కర్ట్ కంటబడింది. భోజనాల గదిలో, అందరూ అన్నాలు తింటుండగా, "చావని చెప్పి పార్టీకెళ్లి బహుమతులు పట్టుకొచ్చావా, అబద్ధాలకోరుదానా" అన్నాడు. ఆప్రాన్ విప్పించి, పనిలోంచి తీసేసి గేటు దాకా నడిపించాడు.

మానవ హక్కుల ట్రిబ్యునల్లో మా వాదన, జాతి కారణంగా వివక్ష. నియమం అందరికీ ఒకటేనంటుంది కంపెనీ. దగ్గరి బంధువు పోతేనే సెలవు, వాళ్ల పట్టికలో హ్యూబర్ట్ ఆమెకు ఏమీ కాడు.

గెలుస్తామా? చెప్పలేను. ఓడితే పని కూడా పోయినట్టే. కాబట్టి రాజీయే మంచిది. రాసుకున్నాక స్పష్టంగా ఉంది.

నవంబరు 6, బుధవారం

సాయంత్రం క్లారిస్ ఇంటికి వెళ్లాను. ఒప్పించడానికే వెళ్లాను. మెట్ల మీద నాచు వానకు జారుతోంది. ఎజ్రా గారు అప్పటికే వంటింట్లో కూర్చుని, ఎండుచేప ముక్కని ఊలికన్ అనే చిన్న చేపల నూనెలో ముంచుకు తింటున్నారు. క్లారిస్ మేనమామ, వాళ్ల ఇంటి పెద్ద.

"రామ్మా లాయరూ, తింటావా? నూనె వాసన పడదా?"

"పడుతుందండీ."

"అబద్ధం, నీ ముక్కు చెప్తోంది. అది సరేగానీ, మీ నార్వే వాళ్లలో మనిషి పోతే గొయ్యి ఎవరు తవ్వుతారు?"

"మునిసిపాలిటీ వాళ్లండీ."

"పాపం" అన్నారాయన, నిజంగా జాలిపడి.

నేను మొదలుపెట్టాను. మంచి బేరం, మళ్లీ రాదు, విచారణలో ఓడితే చేతిలో ఏమీ మిగలదు. క్లారిస్ కప్పులు కడుగుతూ వింది.

"పని వద్దంటున్నానా సిగ్రిడ్? చేతులు ఊరికే ఉండలేక చస్తున్నాను. మొన్న కొట్లో గ్లెండా కనబడింది. పంతొమ్మిదేళ్లు ఎదురుబదురుగా నిలబడి చేపలు కోశాం. నన్ను చూసి బండి తిప్పుకుని బిస్కట్ల వరసలోకి పోయింది. అదీ ఆ మాట విన్నదే కదా. ఇప్పుడు నేను చప్పుడు చెయ్యకుండా లోపలికెళ్తే ఏమనుకుంటుంది? పాపం, కంపెనీ జాలిపడి తీసుకుంది అనుకుంటుంది."

"మాట అందరి ముందు పడింది, అందరి ముందే కడగాలి" అన్నారు ఎజ్రా గారు. "అప్పుడు చూసినవాళ్లే మళ్లీ చూడాలి. మా పద్ధతి అది."

"ట్రిబ్యునల్లో అయితే అందరి ముందే కదా?" అంది క్లారిస్.

"అవును, బహిరంగ విచారణే."

"అయితే అక్కడే తేల్చుకుందాం. వాళ్లు చెప్పమంటే కర్ట్ చెప్పాల్సిందే కదా."

నేను వాన ఎక్కువైందని ఏదో అన్నాను. ఎజ్రా గారు టీ చల్లారిందని లేచారు.

చెప్పగలిగినంతా చెప్పాను. బతిమాలాను. ఆమె వినలేదు.

నవంబరు 7

తమ్ముడు టోర్ భోజనానికి వచ్చాడు. వాడు పట్టిన చేపలు అమ్మేది ఆ ఫ్యాక్టరీకే. కాబట్టి ఎత్తిపొడుపు లేకుండా ముద్ద దిగదు.

"అక్కా, నీ కేసు పుణ్యమా అని నా హాలిబట్ చేపల్ని కర్ట్ మూడుసార్లు తూస్తున్నాడు. నా మొహంలో నీ మొహం కనిపిస్తోందేమో."

"నీ మొహం నాకంటే బావుంటుందిలే."

"ఇంతకీ ఆవిడకేం కావాలి?"

చెప్పాను. వాడు నములుతూ ఆలోచించాడు.

"అయితే ట్రిబ్యునల్ వాళ్లు కర్ట్ చేత చెప్పిస్తారా, తప్పయిందని?"

"చెప్పించరు. క్షమాపణ చెప్పమని ఆదేశించే అలవాటు వాళ్లకి లేదు. బలవంతపు క్షమాపణ క్షమాపణే కాదంటారు."

"మరి ఆ సంగతి ఆవిడకి తెలుసా?"

లేచి గిన్నెలు తీశాను. తెలిసే ఉంటుంది. మొదట్లో ఇచ్చిన కాగితాల్లో ఎక్కడో రాసే ఉంది. రేపు పొద్దున ఫోన్ చేసి ఇంకోసారి చెప్తాను.

నవంబరు 8, శుక్రవారం

గడువు దాటింది. క్లారిస్ వద్దంది. అన్నీ వివరించాకే వద్దంది.

నవంబరు 9

అన్నీ అంటే, దాదాపు అన్నీ.

నవంబరు 20, బుధవారం

విచారణ వీడియోలో కాకుండా మా ఊళ్లోనే, మనుషుల మధ్య జరపాలని అర్జీ పెట్టాను. కంపెనీ లాయరు పెట్రీ అడ్డుపడ్డాడు. వాంకూవర్ నుంచి విమానం ఇక్కడ మంచులో దిగుతుందో లేదో అని బెంగట. నిన్న ఆదేశం వచ్చింది. ఫిబ్రవరిలో, హోటల్ హాల్లో, రెండు రోజులు. తీర్పు చెప్పే ట్రిబ్యునల్ సభ్యురాలే వస్తుంది.

చాలా రోజులకు హుషారుగా ఉంది. విందు అంటే ఏమిటో, దుప్పటి అంటే ఏమిటో ఒక తీర్పులోకి ఎక్కుతుంది. ఇంతకుముందు ఎవరైనా వాదించారా అని సాయంత్రమంతా వెతికాను. ఇంత సూటిగా ఎవరూ వాదించలేదు.

క్లారిస్‌కి చెప్పాల్సినది చెప్పడానికి ఇంకా చాలా సమయం ఉంది.

డిసెంబరు 17

క్లారిస్ పొగపెట్టిన సాల్మన్ చేప పంపింది. సీసా మీద "మా లాయరమ్మకి" అని రాసింది. తెరవలేదు.

జనవరి 13, సోమవారం

సాక్ష్యానికి తయారు చేద్దామని క్లారిస్‌ని ఆఫీసుకి పిలిచాను. బాగా చెప్పింది. కట్టె విరిచినట్టు, ఎక్కువా తక్కువా లేకుండా. శవం దగ్గర కూర్చున్న రాత్రుల గురించి చెప్పేటప్పుడు మాత్రం కిటికీ వైపు తిరిగింది.

అయిపోయాక కోటు వేసుకుంటూ అడిగింది. "గెలిస్తే కర్ట్ ఎక్కడ చెప్తాడు? హోటల్లోనా, ఫ్యాక్టరీలోనా? మావయ్య ఫ్యాక్టరీలోనే అడగమంటున్నాడు."

ఇక పక్కకి జరగడానికి చోటు లేదు. చెప్పాను.

ఒక చెయ్యి కోటులో, ఒక చెయ్యి బయట. అలాగే నిలబడింది.

"ఎప్పట్నుంచి ఈ రూలు?"

"మొదట్నుంచీ."

"నీకెప్పట్నుంచి తెలుసు?"

నేను బల్ల మీది ఫైలు మూశాను.

"అంటే ఆ శుక్రవారం నేను కాలదన్నుకున్నది, దొరకనిదాని కోసం."

"క్లారిస్, కూర్చో. ఆ కాగితాల్లో..."

"కాగితాలా? మా ఇంటికొచ్చి నా వంటింట్లో కూర్చున్నావు. సూటిగా అడిగాను. వాన పడుతోందన్నావు."

గుమ్మం దగ్గర ఆగింది.

"కర్ట్ నన్ను అబద్ధాలకోరు అన్నాడు. వాడు తెలీక అన్నాడు. నువ్వు తెలిసే ఊరుకున్నావు."

జనవరి 14

పెట్రీకి ఫోన్ చేశాను. పాత బేరం మళ్లీ వీలవుతుందా అని నేనే అడిగాను. "గడువు గడువే కదా సిగ్రిడ్" అన్నాడు, మర్యాదగా.

క్లారిస్ ఫోన్ ఎత్తలేదు.

ఈ పుస్తకం వెనక్కి తిప్పి చదివాను. ఓడిపోతామని భయంగా ఉంది కాబట్టి రాజీ పడమన్నానని రాసుకున్నాను. చదువుతుంటే భయంలా లేదు. రాజీకి పనికొచ్చే మాటలన్నీ చెప్పాను, రాజీ చేయించగలిగిన ఒక్క మాట తప్ప.

జనవరి 16

ఎత్తలేదు.

జనవరి 19, ఆదివారం

ఎజ్రా గారే ఫోన్ చేశారు.

"ఏమ్మా, బతికే ఉన్నావా? మా పిల్ల నీ పేరెత్తితే గిన్నెలు విసురుతోంది. నిన్న ఒకటి నా మీంచే పోయింది."

"వేరే లాయర్ని చూసుకుంటానందా?"

"చూసుకోమన్నాను. ఈ ఊళ్లో ఇంకెవరున్నారు మావయ్యా అంది. అదీ నీ గొప్ప."

తప్పు నాదేనన్నాను. అటు వెనకాల టీవీలో హాకీ నడుస్తోంది. ఇంకో మాట కూడా అన్నాను. కర్ట్ చేత క్షమాపణ చెప్పించలేను. కానీ సాక్షి కుర్చీలో కూర్చున్నవాడు అడిగినదానికి జవాబు చెప్పక తప్పదు. ఆ గదిలోకి ఎవరైనా వచ్చి వినవచ్చు.

"ఎవరైనా అంటే?"

"ఆ రోజు భోజనాల గదిలో ఉన్నవాళ్లయినా."

హాకీ చప్పుడు ఆగింది. టీవీ కట్టేసినట్టున్నారు.

"వాళ్లకి జీతం కోత పడుతుందమ్మా. పని వదిలి ఎవరొస్తారు?"

"ఫ్యాక్టరీ నుంచి హోటలుకి రెండు వీధులేనండీ. మధ్యాహ్నం తిండి విరామంలో వస్తే?"

"వస్తారో రారో. బిస్కట్ల వరసలో దాక్కునేవాళ్లని నమ్మి నేను మాటివ్వలేను. అడిగి చూస్తాను. నువ్వు మాత్రం ఆ టైముకి వాణ్ణి కుర్చీలోంచి లేవనివ్వకు."

ఫిబ్రవరి 3, సోమవారం

మొదటి రోజు. క్లారిస్ వచ్చింది. నాకూ ఆమెకూ మధ్య ఎజ్రా గారు కూర్చున్నారు. నన్ను పలకరించలేదు, నేను అడిగినవాటికి సభ్యురాలి వైపు చూసి జవాబు చెప్పింది. బాగా చెప్పింది. పెట్రీ "హ్యూబర్ట్ మీకు రక్తసంబంధీకుడు కాదు కదా" అన్నప్పుడు మాత్రం, "అందుకే కదా నేను వెళ్లాల్సి వచ్చింది" అంది. అతనికి అర్థం కాలేదు. సభ్యురాలు రాసుకుంది.

తర్వాత ఎజ్రా గారు. గద్దలు, తోడేళ్లు, దుప్పట్లు, పేరు పెట్టి పిలవడం.

"వీడియోలో ఆమె నవ్వుతోంది కదండీ?" అన్నాడు పెట్రీ.

"దాన్ని నవ్వించింది నేనే. మూడు రాత్రులు నిద్రలేని మనిషిని నవ్వించకపోతే పడిపోతుంది. నవ్వించడం కూడా మాలో ఒక పనే. నాకూ ఒక దుప్పటి ఇచ్చారు దానికి."

గది నవ్వింది. కర్ట్ నవ్వలేదు. పెట్రీ పక్కన కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ఆయన మాటలే వింటున్నాడు.

రేపు కర్ట్. ఫ్యాక్టరీవాళ్లు వస్తారా అని ఎజ్రా గారిని అడిగాను. "వలేశాం, అంతే" అన్నారు.

ఫిబ్రవరి 4, మంగళవారం

వరసగా రాయాలి.

పెట్రీ తన సాక్షిని ప్రశ్నించడం తొందరగా ముగించేశాడు. మధ్యాహ్నానికి ఇంకా చాలా ఉంది. నేను అడగాల్సిన ప్రశ్నలు నిజానికి పిడికెడు. సాగదీశాను. సెలవు నియమం ఎవరు రాశారు, ఎప్పుడు మార్చారు, గోడకి ఎక్కడ అంటించారు. భోజనాల గదిలో బల్లలెన్ని, కిటికీ ఎటువైపు, కాఫీ యంత్రం ఎక్కడ. పెట్రీ రెండుసార్లు లేచాడు. కర్ట్ ఓపిగ్గా చెప్పాడు. మొరటు మనిషి అనుకున్నాను, కాదు. మెడ ఎర్రగా, గడ్డం గీసుకున్న చోట చిన్న గాటు. ప్రతి జవాబుకీ ముందు గుటక మింగుతున్నాడు.

"మీ ప్రశ్నలు ఎటు పోతున్నాయో చెప్తారా?" అంది సభ్యురాలు.

"వస్తున్నానండీ."

ఎటూ రావడం లేదు. తలుపు తెరుచుకోవడం లేదు. హోటల్ కుర్రది నీళ్ల కూజాలు మార్చి వెళ్లింది. ఎజ్రా గారు కళ్లు మూసుకున్నారు. క్లారిస్‌కి ఏమీ తెలియదు. ఆశ పెట్టొద్దని ఆయనే చెప్పలేదట. నేనెందుకు కాఫీ యంత్రం గురించి అడుగుతున్నానో తెలియక, వీళ్ల చేతిలో నా బతుకు పడింది అన్నట్టు చూస్తోంది.

సభ్యురాలు గడియారం చూసింది. "భోజనానికి లేద్దామా?"

"ఒక్క ప్రశ్నండీ" అన్నాను. ఏ ప్రశ్నో నాకు తెలియదు.

అప్పుడు బయట రబ్బరు బూట్ల చప్పుడు. తలుపు తోసుకుని ముందు గ్లెండా వచ్చింది. జుట్టు వల అలాగే ఉంది, చేతిలో సగం తిన్న శాండ్‌విచ్. వెనకాల ఇంకొకరు, ఇంకొకరు. గదంతా చేపల వాసన.

పెట్రీ లేచాడు. "ఇది సాక్షిని బెదిరించడం."

"విచారణ బహిరంగమే" అంది సభ్యురాలు. "కుర్చీలు చాలవు. వెనక నిలబడండి. చప్పుడు చెయ్యకండి. అడగండి, మిస్ హౌగన్."

క్లారిస్ వెనక్కి తిరగలేదు. వాసన చాలు ఆమెకి. వీపు నిటారుగా అయింది.

అడిగాను. "ఆ రోజు భోజనాల గదిలో ఎవరెవరున్నారు?"

కర్ట్ తలెత్తి వెనక్కి చూశాడు. "గ్లెండా. మే. రోసారియో. ఆ మూల లిన్. వీళ్లే. వీళ్లందరూ."

"వీళ్ల ముందు క్లారిస్‌ని ఏమన్నారు?"

"చావని చెప్పి పార్టీకెళ్లిందని."

"ఇంకా?"

"అబద్ధాలకోరు అన్నాను."

"ఎందుకన్నారు?"

"వీడియో చూశాను. నవ్వుతోంది. చేతిలో బహుమతులు."

"నిన్న ఎజ్రా గారి సాక్ష్యం మీరు విన్నారు. ఇప్పుడు అదే వీడియో చూస్తే, అందులో ఏం కనబడుతుంది?"

పెట్రీ మళ్లీ లేచాడు. ఇది అభిప్రాయం, సాక్ష్యం కాదు. సభ్యురాలు కలం కింద పెట్టి ఆలోచించింది. ఆమె కాదంటే నా దగ్గర ఇంకేమీ లేదు.

"జవాబు చెప్పవచ్చు" అంది.

కర్ట్ బల్ల మీది నీళ్ల గ్లాసుని కాస్త పక్కకి జరిపాడు. మళ్లీ మొదటి చోటికి జరిపాడు. సాక్షి సభ్యురాలి వైపు చూసి చెప్పాలి, పొద్దున అతనికి అదే చెప్పారు. అతను కుర్చీలో పూర్తిగా క్లారిస్ వైపు తిరిగాడు.

"మూడు రాత్రులు పనిచేసింది. దానికి ఇచ్చినవి అవి" అన్నాడు. తర్వాత, "నువ్వు అబద్ధం ఆడలేదు, క్లారిస్. నాకది తెలీలేదు. అడగాల్సింది. అడగలేదు" అన్నాడు.

అప్పుడు వెనక నుంచి గ్లెండా గొంతు, పెద్దగా కాదు, చేపల బల్ల మీంచి అటువైపు మనిషికి వినిపించేంత.

"విన్నాం."

"విన్నాం" అంది మే. రోసారియో. ఆ మూల లిన్. ఎజ్రా గారు వాళ్లకి ఇంతే నేర్పారట, వింటే విన్నామనండి, లేకపోతే విననట్టే అని. సభ్యురాలు నిశ్శబ్దం అంది. ఆమె కూడా ఆ మాట పెద్దగా అనలేదు.

విరామం అయిపోతోందని వాళ్లు తోసుకుంటూ వెళ్లిపోయారు. క్లారిస్ లేచి వాళ్ల వెనకే వెళ్లింది. నా వైపు చూడలేదు.

నేను గదిలోనే ఉండిపోయాను. గెలిచామని కాదు. తీర్పు వేసవి దాకా రాదు. తెలియక అన్నాడు కాబట్టి నియమంలో తప్పు లేదని పెట్రీ వాదిస్తాడు, వాదన బలమైనదే. పని రావచ్చు, రాకపోవచ్చు. వచ్చినా, రాజీ పడి ఉంటే ఆ శుక్రవారమే వచ్చి ఉండేదన్న మాట మిగిలే ఉంటుంది. కిటికీలోంచి చూస్తే వానలో తెల్లబూట్ల గుంపు ఫ్యాక్టరీ వైపు నడుస్తోంది. మధ్యలో ఆమె, ఆ ఫ్యాక్టరీ బూట్లు లేకుండా, గ్లెండా చెయ్యి పట్టుకుని. గేటు దగ్గర వాళ్లు లోపలికి వెళ్లారు, ఆమె బయట ఆగింది. అక్కడ ఎంతసేపు నిలబడిందో నాకు తెలియదు, కాగితాలు సర్దుకోవాల్సి వచ్చింది.

మళ్లీ మొదలయ్యే వేళకి వచ్చింది. జుట్టంతా తడి. ఎజ్రా గారు జరగబోయారు. ఆయన భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టి, ఆయన్ని దాటి వచ్చి నా పక్క కుర్చీ లాక్కుంది. నా ముందున్న కాగితాల్లోకి తొంగిచూసింది.

"మధ్యాహ్నం ఏముంది మనకి?" అంది.